నా పేరు మీద వెళ్లిన జవాబు

“ఈ వయసుల నీకు కాంపౌండర్ చదువేంది బిడ్డా?” అని మా అత్తమ్మ లక్ష్మీబాయి అడిగినప్పుడు ఆవిడ ఎడమచేతి ఉంగరపు వేలు నా చేతిలోనే ఉంది. సూది గుచ్చి, రక్తపుచుక్కను స్ట్రిప్పుకి అంటించి, మీటరులో అంకె వచ్చేదాకా చూస్తున్నాను. నూట తొంభై ఎనిమిది. ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకున్న మీటరు కాబట్టి మన లెక్కలో చూపిస్తుంది. నేను దాన్ని పద్దెనిమిదితో భాగించి ఇక్కడి లెక్కలోకి మార్చుకుంటాను. పదకొండు. పరగడుపున పదకొండంటే మంచిది కాదు. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాశాను. హైదరాబాద్ డాక్టరు ఇచ్చిన చార్టు చూసి, ఇన్సులిన్ పెన్నులో రెండు యూనిట్లు ఎక్కువ తిప్పి, పొట్ట మీద చర్మం పట్టుకుని ఇచ్చాను. పాదాలు ఎత్తి వేళ్ల సందుల్లో పుండ్లేమైనా ఉన్నాయేమో చూశాను. ఇదంతా అయ్యేసరికి ఆరూ నలభై. ఆవిడ చీర సర్దుకుంటూ, నర్సమ్మ పనులు, కాంపౌండర్ పనులు మన ఇండ్లల్ల ఆడోళ్లకెందుకని అంది. మరి ఇప్పటిదాకా నేను చేసింది ఏ పనో అడుగుదామనిపించింది. స్టవ్ మీద ఉప్మాకి నీళ్లు మరుగుతున్నాయి, అడగలేదు.

ఫిజీషియన్ అసోసియేట్ అంటే కాంపౌండర్ కాదని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. డాక్టరు పర్యవేక్షణలో రోగిని చూసి, మాట్లాడి, పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, ఏం చెయ్యాలో నిర్ణయించే మనిషి. అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ అంటారు. ఇక్కడా మొదట్లో అదే పేరు, తర్వాత మార్చారు. డిగ్రీ ఉన్నవాళ్లకి రెండేళ్ల కోర్సు, ఆస్పత్రుల్లో పదహారువందల గంటల శిక్షణ, ఆపైన దేశమంతటికీ కలిపి ఒక పరీక్ష. ఇవన్నీ విన్నాక మా ఆయన అఖిలేష్ చెప్పిన అభిప్రాయం ఒక్కటే. “పేరు మారిస్తే పని మారుతదా? మందులు గూడ రాయనియ్యరట గద.” ఎక్కడో ఒక వ్యాసం చదివి పట్టుకొచ్చాడు. నేను మూడేళ్లుగా చదువుతున్న సంగతి గురించి ఆయన మూడు నిమిషాలు చదివి నాకు పాఠం చెప్పాడు. ఒళ్లు మండింది.

ఇది 2017 ఫిబ్రవరి మాట. లీసెస్టర్‌లో ఉంటున్నాం. పెళ్లయిన ఏడాదికి, 2008లో, ఆయన కంప్యూటర్ ఉద్యోగం వెంట వచ్చాను. అప్పుడు నా కడుపులో ఉన్న వర్షితకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఆర్నెల్ల వీసా మీద నవంబరులో వచ్చిన అత్తమ్మ మే నెలలో వెళ్తుంది. నేను జీపీ సర్జరీలో పని చేస్తాను. సర్జరీ అంటే కోతలూ కుట్లూ కాదు, డాక్టర్ల క్లినిక్‌ని ఇక్కడ అలా అంటారు. మొదట రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. తర్వాత రక్తం తీయడం నేర్చుకున్నాను, ఆ తర్వాత హెల్త్‌కేర్ అసిస్టెంట్ అయ్యాను. రోటాలో, అంటే డ్యూటీ పట్టికలో, నా పని రక్తం తీయడం, బీపీ చూడడం, కట్లు మార్చడం. రోటాలో లేని పని ఇంకొకటుంది. ఎవరైనా ఇండియా మొహంతో వచ్చి ఇంగ్లీషు రాదంటే, “పుష్పా, రెండు నిమిషాలు వస్తావా?” అని పిలుస్తారు. వచ్చేవాళ్లు చాలామంది గుజరాతీలు. నాకు గుజరాతీ రాదని ఆ సర్జరీలో ఏ ఒక్కరికీ ఇప్పటికీ ఎక్కలేదు. హిందీలో నెట్టుకొస్తాను. రెండు నిమిషాలు ఇరవై అవుతాయి, నా పేషెంట్లు బయట కూర్చుని వాచీలు చూసుకుంటారు, ఆలస్యమైనందుకు మేనేజరు నన్నే అడుగుతుంది.

అలా పిలిచిన ఒక రోజే అంతా మొదలైంది. 2014లో మా సర్జరీకి గ్రేస్ అనే ఫిజీషియన్ అసోసియేట్ వచ్చింది. నాకన్నా మూడేళ్లు చిన్నది, ఘనా నుంచి వచ్చినవాళ్ల అమ్మాయి, పుట్టి పెరిగింది నాటింగ్‌హామ్‌లో. ఒక గుజరాతీ పెద్దావిడకి రక్తం తీస్తుంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, విరేచనం నల్లగా అవుతోందని, డాక్టరమ్మ ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గేసిందని నాతో అంది. నేను గ్రేస్ గదికెళ్లి చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, నువ్వేమనుకుంటున్నావని అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. ఆవిడ మోకాళ్ల నొప్పికి రోజూ కొట్లో కొన్న మాత్రలు మింగుతోంది కదా, కడుపులో రక్తం పోతోందేమో అన్నాను. గ్రేస్ లేచి ఆవిడని వెనక్కి పిలిపించింది. నేననుకున్నదే నిజమైంది. అదికాదు నా చెవిలో మిగిలిపోయింది. ఈ దేశంలో అడుగుపెట్టాక, ఆ మాటకొస్తే పెళ్లయ్యాక, ఒక విషయం మీద నేనేమనుకుంటున్నానో ఎవరైనా అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు. సాయంత్రం కోటు వేసుకుంటూ, నా కోర్సు నువ్వెందుకు చదవకూడదని గ్రేస్ అడిగింది. బస్సులో ఇంటికొస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. బట్టలు మడతపెడుతున్నా లెక్కలే, పప్పు తాలింపు వేస్తున్నా లెక్కలే. హనుమకొండలో మైక్రోబయాలజీ డిగ్రీ చేశాను, ఫస్ట్ క్లాసు. ఎంసెట్‌లో మెడిసిన్ సీటు కొద్దిలో పోతే ఏడ్చి ఏడ్చి చేరిన డిగ్రీ అది. అది ఈ కోర్సుకి పనికొస్తుందట. కానీ ఒరిజినల్ కావాలి. మన దగ్గర డిగ్రీ పాసైన ఆడపిల్లల్లో సగంమందికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ తప్ప ఒరిజినల్ ఉండదు, పెళ్లిచూపులకి అది చాలు కాబట్టి. మా నాన్న బాబూరావు డెబ్భై ఏళ్ల వయసులో రెండుసార్లు యూనివర్సిటీకి తిరిగి, లైన్లో నిలబడి, తొమ్మిదేళ్ల కిందటి నా డిగ్రీ తెచ్చి పోస్టులో పంపాడు. అది 2015. మా డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమని కాగితం తెప్పించుకోవడం అదే ఏడాది చివర. రోగులతో పనిచేసిన అనుభవం అడుగుతారు కాబట్టి 2016 అంతా సర్జరీలో వచ్చిన ట్రైనింగల్లా చేశాను. 2017 జనవరిలో అప్లికేషన్, సెప్టెంబరులో కోర్సు, 2019లో పరీక్ష. అప్పటికి నాకు ముప్ఫై ఐదు. ఈ తేదీలు నాకు వర్షిత టీకాల తేదీలంత బాగా వచ్చు. ఇంట్లో ఎవరైనా గట్టిగా దగ్గినా ఏ తేదీ జారిపోతుందోనని మళ్లీ లెక్క వేసుకునేదాన్ని.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఫారాలన్నీ ఆయనే నింపుతాడు. మీరు నవ్వకండి, మన తెలుగువాళ్ల ఇళ్లు నాలుగు చూసి చెప్పండి, భార్య ఫారంలో ఈమెయిల్ అని ఉన్నచోట ఎవరి అడ్రస్ ఉంటుందో. వీసా నుంచి ఊరి కౌన్సిల్ దాకా, పళ్ల డాక్టరు నుంచి వర్షిత స్కూలు దాకా, నా పేరు పక్కన ఆయన ఈమెయిలు, ఆయన ఫోన్ నంబరు. జవాబులూ ఆయనే రాస్తాడు, కింద ‘పుష్పలీల’ అని పెట్టి. నాకోసారి జ్వరమొస్తే మా మేనేజరుకి నాలాగా ఆయనే మెసేజ్ పెట్టాడు. పక్కింటి ముసలాయన పోతే ఆయన భార్యకి నా పేరుతో ఓదార్పు కార్డు కూడా ఆయనే రాశాడు. ఆవిడ వచ్చి నన్ను కౌగిలించుకుని, ఎంత చక్కటి మాటలు రాశావమ్మా అని ఏడ్చింది, నేను తలూపాను. వచ్చిన కొత్తలో నాకు ఇంగ్లీషంటే భయం, అదొక ఊరట. భయం పోయి ఏళ్లయినా అలవాటు పోలేదు. బయట స్నేహితులతో మా ఆయనే అన్నీ చూసుకుంటాడని గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా తలకాయ.

అప్లికేషన్‌లో నా గురించి నేను రాయాల్సిన వ్యాసం మూడు నెలలు రాశాను. బస్సులో, ఉప్మా కలుపుతూ, వర్షిత స్విమ్మింగ్ క్లాసు బయట బెంచీ మీద. ఫారం మాత్రం ఎప్పటిలాగే ఆయన లాప్‌టాప్‌లో ఆయన చేతే వెళ్లింది, బర్మింగ్‌హామ్‌లో ఒక యూనివర్సిటీకి. ఈసారి నా ఈమెయిల్ తెరుచుకుంటానని అంటే, “నువ్వు రోజూ చూస్కోవు, స్పామ్‌ల పడ్తది, మళ్ల నన్నే అంటవ్” అన్నాడు. నిజమేననిపించింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుంటే, ఏమన్నా వచ్చిందా అని అడిగేదాన్ని. రాలే అనేవాడు. ఒక్కోసారి మొహం చూడకుండా అనేవాడు. అలసిపోయాడనుకునేదాన్ని.

ఆ మంగళవారం పొద్దున మా పెద్ద డాక్టరు హెలెన్ కారిడార్‌లో నన్ను ఆపి, ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడిగింది. ఏ ఇంటర్వ్యూ అన్నాను. ఆవిడ కాస్త ఇబ్బందిపడింది. యూనివర్సిటీ వాళ్లు రిఫరెన్స్ అడిగితే రెండువారాల కిందే పంపానని, ఇంటర్వ్యూకి ఎంపికైనవాళ్లకి మాత్రమే అడుగుతారని, ఆ ఇంటర్వ్యూ నిన్ననే అయిందనుకున్నానని చెప్పింది. చేతిలో రక్తం సీసాల ట్రే ఉంది. ట్రే కింద పెట్టి, మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టాను. ఆ తర్వాత పదకొండుమందికి రక్తం తీశాను, ఒక్కరికీ రెండోసారి గుచ్చాల్సిన అవసరం రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నేను మాత్రం అక్కడ లేను.

లంచ్ టైములో గది తలుపేసుకుని యూనివర్సిటీకి ఫోన్ చేశాను. అడ్మిషన్స్‌లో ఆవిడ నా పేరు, పుట్టినతేదీ అడిగి కంప్యూటర్‌లో వెతికింది. ఫిబ్రవరి ఆరున ఇంటర్వ్యూకి పిలిచామంది. ఎనిమిదిన మీ జవాబు వచ్చింది కదా, మీరు విరమించుకుంటున్నానన్నారు కదా అంది. ఏం రాశానో చదవమన్నాను. అడిగేటప్పుడే ఆ ప్రశ్న ఎంత విడ్డూరంగా ఉందో నాకే తెలుస్తోంది. ఆవిడ చదివింది. కుటుంబ పరిస్థితుల వల్ల ఈ ఏడాది కోర్సులో చేరలేకపోతున్నందుకు చింతిస్తున్నానట. మీ విలువైన సమయానికి కృతజ్ఞతలట. భవదీయురాలు పుష్పలీల. ఎంత మర్యాదగా ఉందో! నేను జన్మలో అంత మర్యాదగా రాయలేను.

ఇది మీరు రాయలేదా అని ఆవిడ మెల్లగా అడిగింది. లేదన్నాను. ఇంట్లో అంతా బాగానే ఉందా అంది. బాగానే ఉందని అలవాటుగా అనేశాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు, ముక్కు చీదుకుంటే పోయేది కాదు. ఆవిడ దారి చెప్పింది. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆఖరి విడత ఇంటర్వ్యూ ఉంది. తనంతట తాను విరమించుకున్న మనిషిని ఈ ఏడాదికి మళ్లీ తీసుకోరు, అది నియమం. కానీ ఆ మెయిల్ నేను పంపలేదని, పంపినవాళ్లే అదే అడ్రస్ నుంచి తమ పేరుతో రాసిస్తే, విరమించుకున్నట్టు లెక్క కాదు. అది సూటిదారి. లేదంటే నేనే జరిగింది రాసి పంపొచ్చు, వాళ్లు పరిశీలిస్తారు, కానీ గురువారం లోపల తేలుతుందని మాటివ్వలేనంది. ఏదైనా రేపు మధ్యాహ్నం లోపల రావాలంది.

ఐదున్నరకి అఖిలేష్ వచ్చాడు. నేను వంట మొదలుపెట్టలేదు. అత్తమ్మ వంటింటి బల్ల దగ్గర టాబ్లెట్‌లో సీరియల్ చూస్తోంది, వర్షిత పక్కనే హోంవర్క్ చేసుకుంటోంది. ఎవరూ లేనప్పుడు అడుగుదామని ఒక్క క్షణం అనుకున్నాను. తొమ్మిదేళ్లుగా అన్నీ ఎవరూ లేనప్పుడే అడిగాను.

“ఫిబ్రవరి ఎనిమిదిన యూనివర్సిటీకి నేనేం రాసిన?” అన్నాను.

ఆయన కోటు సగం విప్పి ఆగాడు. “నీకెవరు చెప్పిండ్రు?” అన్నాడు. ఏ యూనివర్సిటీ అనలేదు, ఏం మెయిలు అనలేదు. ఎవరు చెప్పారనే అడిగాడు.

తర్వాత కూర్చుని ఓపిగ్గా వివరించాడు, ఆఫీసులో కస్టమర్‌కి వివరించినట్టు. వాళ్ల కంపెనీకి స్విండన్‌లో పెద్ద ప్రాజెక్టు వచ్చింది. సెప్టెంబరు నుంచి వారానికి మూడు రోజులు అక్కడే ఉండాలి, ఆయన్ని టీమ్ లీడ్‌ని చేస్తారు. ఇద్దరం పరుగెత్తితే వర్షితని స్కూలు నుంచి ఎవరు తీసుకొస్తారు? ఆ వారాంతంలోనే నాకు చెబుదామనుకున్నాడట, అమ్మకి జలుబు చేసిందట, తర్వాత సందర్భం రాలేదట. నేను బాధపడతానని చెప్పలేదట. చదువు యాడికి పోతది, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

“అడగొచ్చు గదా,” అన్నాను.

“అడిగితే నువ్వు ఒప్పుకుంటవా? ఒప్పుకోవు. అందుకే అడగలే,” అన్నాడు. ఆ మాటలో తప్పేమైనా ఉందన్న అనుమానం కూడా ఆయన మొహంలో లేదు.

వర్షిత పెన్సిలు ఆపి తలెత్తింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి ఇంగ్లీషే వస్తుంది. “డాడీ, డిడ్ యూ ప్రిటెండ్ టు బి మమ్మీ?” అంది. పిల్ల ఆయన మొహం, నా మొహం మార్చి మార్చి చూసి పుస్తకం మూసింది.

అత్తమ్మ టాబ్లెట్ ఆపింది. మొగడు పెండ్లాం పేరు మీద నాలుగు ముక్కలు రాస్తే ఇంత లొల్లా, ఇద్దరూ ఒకటే గదా అంది. ఆవిడ మీద నాకు అంతగా కోపం రాలేదు. ఆవిడకి బ్యాంకు పాస్‌బుక్కులో వేలిముద్ర తప్ప సంతకం లేదు, ఆ చేతికే నేను రోజూ సూది గుచ్చుతున్నాను. అయినా నోరు ఊరుకోలేదు.

“అయితే అత్తమ్మా, స్విండన్ ఉద్యోగం వద్దని ఆయన పేరు మీద నేను రేపు రాసి పంపిస్త. ఇద్దరం ఒకటే గద.”

ఆవిడ కొడుకు వైపు చూసింది. కొడుకు బల్ల వైపు చూశాడు. ఇంతసేపటికి ఆ ఇంట్లో ఒక మాట అందరికీ ఒకేలా అర్థమైంది.

అప్పుడు అడ్మిషన్స్ ఆవిడ చెప్పింది చెప్పాను. ఒక్క మెయిల్. ఆ రోజు రాసింది నా భార్య కాదు, నేను, అని ఆయన పేరుతో రెండు వాక్యాలు. అది వెళ్తే గురువారం నేను ఇంటర్వ్యూలో కూర్చుంటాను. ఆయన మొహం మాడిపోయింది. అట్ల రాసిస్తే అది ఫ్రాడ్ కిందికొస్తదని, వాళ్లు ఎవరికి చెప్తరో ఏమోనని, ఆఫీసు దాకా పోతే పరువుంటదా అని గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఇలాంటివన్నీ ఆయనకి ఎంత బాగా తెలుసో చూసి ఆశ్చర్యపోయాను. ఎనిమిదో తేదీన ఇవేవీ గుర్తురాలేదు. నేను బతిమాలలేదు. అన్నం పొయ్యి మీద పెట్టాను, పిల్ల తినాలి కాబట్టి.

అందరూ తిన్నాక ఆయనే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. “పాస్‌వర్డ్ కొట్టిపెట్టిన. నా పేరు మీద నువ్వే రాసి పంపు. నేనేమనను. నాతోని మాత్రం రాయించకు,” అని ముందు గదిలోకి వెళ్లాడు. ఆయన దృష్టిలో అది చాలా పెద్ద మనసు.

మెయిల్ తెరిచి, పంపిన ఉత్తరాల్లో నా పేరు కొట్టి వెతికాను. మూడువందల పన్నెండు వచ్చాయి. టీచర్లకి, డాక్టర్లకి, గ్యాస్ కంపెనీకి, మా మేనేజరుకి. ఒక్కొక్కటే చదువుతూ పోయాను. ఆ ఉత్తరాల్లో ఒక పుష్పలీల ఉంది. ఎప్పుడూ సరేనంటుంది. ఎవరిమీదా విసుక్కోదు. ఎవర్నీ ఏమీ అడగదు. పొరపాటైతే తనదే అంటుంది, క్షమించమంటుంది. ఈ ఊరికి నాకన్నా ఆమే ఎక్కువ తెలుసు. నాకు ఆమె బొత్తిగా నచ్చలేదు. వెతికిన పేరు తీసేసి, ఫిబ్రవరి ఎనిమిదిన పంపినవన్నీ చూస్తే రెండు ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పదీ పద్నాలుగుకి, స్విండన్ అవకాశం ఇచ్చినందుకు చాలా సంతోషం, తప్పక వస్తాను, అఖిలేష్. పదీ పద్దెనిమిదికి, చింతిస్తున్నాను, రాలేను, పుష్పలీల. మధ్యలో నాలుగు నిమిషాలు. బహుశా ఆ నాలుగు నిమిషాల్లో టీ కూడా తాగి ఉంటాడు.

కొత్త ఉత్తరం తెరిచాను. “నా పేరు అఖిలేష్” అని మొదలుపెట్టాను. అబ్బ, ఎంత తేలిగ్గా వచ్చిందో! తొమ్మిదేళ్లు ఆయన మాటలు వింటున్నాను, ఆయనలా రాయడం ఎంతసేపు? ఇంకో రెండు వాక్యాలు, ఒక్క నొక్కు, సీటు దాదాపు నాదే. మూడేళ్ల లెక్కలు, మా నాన్న లైన్లో నిలబడ్డ కాళ్లు, రోజూ ఎందరి చేతుల్లోంచో తీసే రక్తం, అన్నీ ఆ ఒక్క నొక్కు దగ్గరికొచ్చి ఆగాయి. నొక్కితే ఎవరికి తెలుస్తుంది? ఆయన ఒప్పుకున్నాడు కూడా. కానీ ఆయన తప్పు ఒప్పుకోలేదు, తన బదులు నాతో ఒప్పిస్తున్నాడు. తాను చేసింది తాను చెప్పకుండా దాన్ని కూడా నా చేతే చేయిస్తున్నాడు, ఇంటి పనుల్లో ఇదీ ఒకటన్నట్టు. ఇది పంపితే ఆయనా నేనూ సరిసమానం అయిపోతాం, ఇక ఎప్పటికీ ఆయన్ని ఒక్క మాట అనలేను. అదే ఆయనకి కావాల్సింది కాబోలు. రాసింది తుడిచేశాను. సీటు పోవచ్చని తెలిసే తుడిచేశాను.

నా ఫోన్లో నా పేరుతో ఈమెయిల్ తెరుచుకున్నాను. ఐదు నిమిషాల పని. ఇన్నేళ్లు ఎందుకు చెయ్యలేదో తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. రాయడం మొదలుపెట్టాను. ఫిబ్రవరి ఎనిమిదిన నా పేరుతో మీకు వచ్చిన జవాబు నా భర్త రాశాడు. నాకు తెలియకుండా రాశాడు. నేను విరమించుకోలేదు. నాకు ఈ కోర్సు కావాలి. ఇకముందు నాకు ఏం చెప్పాలన్నా ఈ అడ్రస్‌కి, ఈ నంబరుకి చెప్పండి.

ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి చదువుతున్నాడు. “నాకు తెలియకుండా అంటే బాగుండదు. మిస్‌అండర్‌స్టాండింగ్ అని పెట్టు,” అన్నాడు. ఆ స్థితిలో కూడా నా ఉత్తరం దిద్దుతున్నాడు మహానుభావుడు. నేను ఒక్క మాటా మార్చలేదు.

“ఇట్ల రాస్తే వాళ్లు నా గురించి ఏమనుకుంటరు, లీలా?”

“జరిగింది అనుకుంటరు,” అని పంపేశాను.

బుధవారం రోజంతా పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఫోన్ చూసుకున్నాను. మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తున్నాం అని మిషన్ పంపే జవాబొకటి తప్ప ఇంకేమీ రాలేదు. నాలుగింటికి ఫోన్ చేస్తే అడ్మిషన్స్ ఆవిడ ఆ రోజు సెలవట. గ్రేస్‌ని అడిగితే, నాకూ తెలియదు, ఏం చేద్దామనుకుంటున్నావంది. సాయంత్రం ఇంటికెళ్లి గురువారం పొద్దున ఏడూ నలభై తొమ్మిది రైలుకి టికెట్ కొన్నాను. పిలుపు రాకముందే ఎట్ల పోతవని అఖిలేష్ అడిగాడు. వర్షిత టిఫిన్ డబ్బా, అత్తమ్మ ఇన్సులిన్ ఆ పూటకి ఆయనవేనని చెప్పాను. సూదంటే తనకి భయమన్నాడు. నాకూ మొదట్లో ఉండేదన్నాను. రెండేళ్లు పొద్దునపూట ఇల్లు ఎలా నడుస్తుందో, స్విండన్ ఎవరు వెళ్తారో, ఆ గొడవ ఇంకా మొదలే కాలేదని ఇద్దరికీ తెలుసు.

రైలు దారిలో ననీటన్ స్టేషన్‌లో ఆగి ఉండగా ఫోన్ మోగింది. ఆయనే.

“నీకు మెయిల్ వచ్చింది,” అన్నాడు. “యూనివర్సిటీ నుంచి. ఇంకా నా అడ్రస్‌కే పంపుతున్నరు. నిన్న సాయంత్రమే వచ్చినట్టుంది, ఇప్పుడే చూసిన. చదవాల్నా?”

రమ్మన్నారంటే ఈ రైల్లోనే ఎగిరి గంతేస్తాను. వద్దన్నారంటే ఇక్కడే దిగి అటువైపు ప్లాట్‌ఫాం మీద నిలబడితే, పదింటికల్లా ఇంట్లో ఉంటాను, సగంపూట డ్యూటీకి కూడా అందుకుంటాను. చదవండి అన్న ఒక్క మాట నాలిక చివరిదాకా వచ్చింది. తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. ఎవరో సూట్‌కేసు ఎక్కిస్తున్నారు.

“వద్దు,” అన్నాను. “దానికి మీరేం జవాబు రాయకండి. నేను పోయి వాళ్లనే అడుగుత.”

ఆయన ఏదో అనబోయాడు. ఆ గొంతులో అవునో కాదో వెతుక్కోవడం ఇష్టంలేక ఫోన్ పెట్టేశాను.